క్యూఆర్ ఉంటే గల్లాపెట్టె అక్కర్లేదా? అపోహలు – వాస్తవాలు

బేగంబజార్ హోల్‌సేల్ కొట్టు నుంచి మెహిదీపట్నం రైతుబజార్‌లో ఆకుకూరల గంప దాకా, క్యూఆర్ స్టిక్కర్ లేని చోటు హైదరాబాద్‌లో ఇప్పుడు తక్కువే. దుకాణాలకు క్యూఆర్, సౌండ్‌బాక్సు పెట్టించడం, ఆ తర్వాత వచ్చే ఫిర్యాదులు చూడటం మా పని. జనం భయపడేది ఒకదానికి, అసలు దెబ్బ తగిలేది మరో చోట. అందుకే ఇది రాస్తున్నాం.

అపోహ: డబ్బు రావాలన్నా పిన్ కొట్టాలి.
యూపీఐ పిన్ అడిగేది డబ్బు పంపేటప్పుడు, బ్యాలెన్స్ చూసేటప్పుడు. డబ్బు రావడానికి పిన్ వద్దు, స్కాన్ కూడా వద్దు. పాత సోఫా అమ్మకానికి పెడితే "అడ్వాన్స్ పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అన్నవాడు దొంగే. మోసపోయామని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకో అకౌంట్‌కి దాటకముందే ఆపగలిగితేనే తిరిగొచ్చే ఆశ.

అపోహ: గిరాకీ ఫోన్‌లో పచ్చ టిక్కు కనబడితే డబ్బు వచ్చేసినట్టే.
అచ్చం అలాంటి తెర చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. నమ్మాల్సింది డబ్బు పడగానే పైకి చెప్పే మీ సౌండ్‌బాక్సును, మీ బ్యాంకు మెసేజ్‌ను. పొద్దున షట్టర్ ఎత్తగానే మీ స్టిక్కర్‌ను మీరే స్కాన్ చేసి రూపాయి పంపి చూడండి. రాత్రి ఎవరైనా దాని మీద వేరే స్టిక్కర్ అంటించి ఉంటే పేరు దగ్గరే తెలిసిపోతుంది.

అపోహ: అకౌంట్‌లో కట్ అయి అవతలికి చేరకపోతే ఆ డబ్బు పోయినట్టే.
రిజర్వ్ బ్యాంకు 2019లో దీనికి గడువు పెట్టింది. మనిషికి పంపింది చేరకపోతే మర్నాటికల్లా, దుకాణానికి కట్టింది ఖరారు కాకపోతే 5 రోజుల్లో వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయలు బ్యాంకే కట్టివ్వాలి. "పెండింగ్" అని కనబడుతుంటే తొందరపడి రెండోసారి కొట్టొద్దు, చాలామంది రెండుసార్లు కట్టేది అక్కడే. ఆ చెల్లింపుకు గుర్తుగా యాప్‌లో కనబడే 12 అంకెల యూటీఆర్ నంబరు రాసుకుని యాప్ లోపలే ఫిర్యాదు పెట్టండి. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికితే దొంగ నంబర్లు తగులుతాయి.

అపోహ: క్యూఆర్ పెడితే పన్ను పడుతుంది, నగదు అయితే పడదు.
పన్ను అమ్మకం మీద, డబ్బు ఏ దారిన వచ్చిందన్న దాని మీద కాదు. నిజానికి చిన్న వ్యాపారి లెక్కల పుస్తకాలు లేకుండా ఆదాయపు పన్ను రిటర్ను వేసే పద్ధతిలో డిజిటల్‌కే లాభం. నగదు అమ్మకంలో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానిలో 6 శాతం ఆదాయంగా లెక్కేస్తారు. ఏడాదికి 30 లక్షల అమ్మకమైతే 2.4 లక్షలకు బదులు 1.8 లక్షలు.

భయానికి కారణం లేకపోలేదు. 2025 జులైలో యూపీఐ వసూళ్లు చూసి బెంగళూరు చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాయి, కొందరు "నగదు మాత్రమే" అని బోర్డులు పెట్టారు. తెలంగాణలో సరుకు అమ్మేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి 20 లక్షల అమ్మకం, చాలా రాష్ట్రాల్లోలా 40 కాదు. తాజా కూరగాయల్లాంటి పన్ను లేని సరుకే అమ్మితే రిజిస్ట్రేషనే అక్కర్లేదు. చిక్కంతా బావమరిది పంపిన చేబదులు, చిట్టీ డబ్బులు కొట్టు అకౌంట్‌లోనే పడటం వల్ల. అవి కూడా అమ్మకంలా కనబడతాయి. కొట్టుకు వేరే అకౌంట్ పెట్టుకోండి.

అపోహ: అకౌంట్‌లో పడిన డబ్బు ఎప్పుడంటే అప్పుడు వాడుకోవచ్చు.
నగదు రహితంలో అన్నిటికంటే పెద్ద లోపం మా లెక్కలో ఇదే. ఎవరో సైబర్ మోసంలో నష్టపోయి ఫిర్యాదు చేస్తారు. ఆ డబ్బు నాలుగైదు అకౌంట్లు తిరిగి, చివరివాడు మీ కొట్లో 850 రూపాయల సరుకు కొని స్కాన్ చేస్తాడు. డబ్బు వెళ్లిన దారి పొడవునా ఉన్న బ్యాంకులకు పోలీసులు రాస్తారు. కొన్నిసార్లు ఆ 850తో ఆగకుండా అకౌంట్ మొత్తం ఫ్రీజ్ అవుతుంది. ఈఎంఐ తప్పుతుంది, చెక్కు బౌన్స్ అవుతుంది. నోటు తీసుకున్నవాడికి ఈ బాధ లేదు.

అలా జరిగితే బ్రాంచిలో రాతపూర్వకంగా మూడు అడగండి: ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రంలో ఏ పోలీస్ స్టేషన్, ఎంత మొత్తం. ఆ రోజు బిల్లు, యూటీఆర్, ట్రేడ్ లైసెన్స్ కాపీ జతచేసి దర్యాప్తు అధికారికి ఈమెయిల్ పంపి, వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపి మిగతాది వదలమని కోరండి. ముందుజాగ్రత్తగా వసూళ్లను రోజూ రాత్రి ఇంకో బ్యాంకు అకౌంట్‌కి మార్చుకోండి. అమాయకుడి అకౌంట్ మొత్తం మూసే పద్ధతి పోనంత కాలం, చిన్న వ్యాపారిని "నగదు మానెయ్" అనడం న్యాయం కాదు.

అపోహ: స్మార్ట్‌ఫోన్ లేకపోతే యూపీఐ లేదు.
ఉంది. బటన్ ఫోన్‌లో *99# కొట్టొచ్చు, 2022లో వచ్చిన యూపీఐ 123పే ద్వారా కాల్ చేసి పంపొచ్చు. అయితే బ్యాంకులో ఇచ్చిన నంబరే ఆ ఫోన్‌లో ఉండాలి. మనవడి నంబరు ఇచ్చిన పింఛను అమ్మమ్మకు అడ్డుపడేది ఇదే, ముందు బ్రాంచిలో నంబరు మార్పించాలి.

అపోహ: డిజిటల్ పెరిగితే నగదు దానంతటదే పోతుంది.
2016 నవంబర్ నోట్ల రద్దు నాటికి చలామణిలో ఉన్న నోట్లు సుమారు 18 లక్షల కోట్ల రూపాయలు. 2024 మార్చికి సుమారు 35 లక్షల కోట్లు. రెండూ కలిసే పెరిగాయి.

పోకపోవడమే మంచిది కూడా. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ మొరాయించింది. చెల్లింపుల్లో నగదు బాగా తగ్గిపోయిన స్వీడన్‌లోనే, ఇంట్లో కొంత నగదు ఉంచుకోమని ప్రభుత్వం ప్రజలకు చెబుతోంది. కొట్లో రెండు వేర్వేరు బ్యాంకుల క్యూఆర్‌లు, గల్లాలో 10, 20 నోట్ల చిల్లర ఉంచండి. కొనేవాళ్లు చిన్న ఖర్చుల డబ్బు ముందే వేసుకునే యూపీఐ లైట్‌ను ఫోన్‌లో నింపుకుంటే వాళ్ల బ్యాంకు సర్వర్ డౌన్ అయినా పాలూ కూరగాయల ఖర్చు ఆగదు. ఇంటర్నెట్టే పోతే మాత్రం జేబులో నోటు ఉండాల్సిందే.