తడి చొక్కా, మట్టి కుండ

చిరంజీవులు సహస్రకు, నిహాల్‌కు తాతయ్య ఆశీస్సులు.

జూలైలో మీ అమెరికాలో కొలరాడో కొండల్లోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో మూడు రాత్రులు టెంటులో ఉంటారని మీ అమ్మ చెప్పింది. సహస్ర ఫోనులో అడిగిన ప్రశ్నకు అప్పుడే జవాబు చెప్పకుండా ఉత్తరం రాస్తానన్నాను. "ఎండాకాలంలోనే కదా తాతయ్యా వెళ్ళేది, కాటన్ చొక్కాలు, జీన్సు వద్దు, ఉన్ని బనీన్లు పెట్టుకోండి అని సామాను లిస్టులో ఎందుకుంది? ఎండలకి కాటనే మంచిదని నువ్వే అంటావుగా?" అని కదూ అడిగావు. ఎండలకి కాటనే మంచిదమ్మా. అది కొండమీద పనికిరాకపోవడానికి కారణం కూడా అదే.

మన వంటింటి మూల ఇసుక పోసి దానిమీద పెట్టిన మట్టికుండ గుర్తుందా? నిహాల్ దాన్ని తడిమి "ఇది కారుతోంది" అన్నాడు. కారడం కాదురా, చెమర్చడం. మట్టిలో కంటికి కనబడని సందుల్లోంచి నీరు బయటి గోడమీదికి వస్తుంది, గాలి తగిలి ఆవిరైపోతుంది. ఉత్తినే ఆవిరి అవ్వదు, దానికి వేడి కావాలి. ఒక్క గ్రాము నీరు ఆవిరవ్వాలంటే సుమారు 580 క్యాలరీల వేడి పడుతుంది. అంత వేడి తీసేస్తే అర కిలోకు పైగా నీళ్ళు ఒక డిగ్రీ చల్లబడతాయి. ఆ వేడిని కుండ తన కడుపులోని నీళ్ళ నుంచే లాక్కుంటుంది. అందుకే మే నెలలో కూడా ఆ నీళ్ళు గొంతుకి హాయిగా ఉంటాయి.

తడిసిన కాటన్ చొక్కా ఆ కుండ గోడ లాంటిది. లోపలి నీళ్ళు మీరు.

మన ఎండల్లో అది వరం. మీ అమెరికాలోనే గ్రాండ్ కేన్యన్ అనే పెద్ద లోయ అడుగున వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ నడిచేవాళ్ళు కావాలనే చొక్కా వాగులో ముంచి తొడుక్కుంటారు. కానీ మీరు వెళ్ళేది లోయలోకి కాదు, పైకి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి. కింద డెన్వర్ ఊళ్ళో 32 ఉందనుకోండి, పార్కులో కొండమీదుగా పోయే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు అన్నిటికన్నా ఎత్తయిన చోట, అంటే 12,183 అడుగుల దగ్గర, లెక్క ప్రకారం 18 ఉంటుంది. జూలై మధ్యాహ్నాల్లో అక్కడ ఉరుములతో వాన రావడం మామూలు. వానతోపాటు ఈదురుగాలి, ఒక్కోసారి వడగళ్ళు. పావుగంటలో 18 కాస్తా 8 కావచ్చు. అప్పుడు ఒంటిమీద తడి కాటన్ ఉంటే, చల్లబరచడం దాని గుణం కాబట్టి, అది ఆ పని మానదు.

ఒంటి లోపలి వేడి 35 డిగ్రీలకన్నా దిగితే దాన్ని హైపోథెర్మియా అంటారు. మంచులోనే వస్తుందనుకోకండి. పది డిగ్రీల వానలో, గాలిలో కూడా వస్తుంది. ముందు వణుకు. తర్వాత వేళ్ళు జిప్ పట్టుకోలేవు, కాళ్ళు తడబడతాయి, మాట ముద్దగా వస్తుంది. తమ్ముడు ఇలా అయితే వాడు "నాకేం కాలేదు" అన్నా వినకు సహస్రా, నాన్నను పిలువు. తడి బట్టలు విప్పి, పొడివి తొడిగి, స్లీపింగ్ బ్యాగులో పెట్టి, తెలివిలో ఉండి మింగగలిగితే తియ్యగా వేడిగా ఏదైనా తాగించాలి. కాళ్ళూ చేతులూ రుద్దకూడదు. ఒళ్ళు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయిందంటే అది తగ్గడం కాదు, ముదరడం. వెంటనే పార్కు వాళ్ళ సాయం కోరాలి.

జీన్సు సంగతి విచిత్రమైనది. అది ఆ పడమటి రాష్ట్రాల్లో పుట్టిన బట్టే. నెవాడాలోని రీనోలో టెంట్లు, బండి గుడ్డలు కుట్టే జేకబ్ డేవిస్ అనే దర్జీ, కూలీల ప్యాంట్ల జేబులు చిరిగిపోకుండా రాగి రివెట్లు కొట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి లీవై స్ట్రాస్‌తో కలిసి 1873లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ముళ్ళకీ రాళ్ళకీ అంత గట్టి బట్ట లేదు. కానీ మందపాటి నూలు కదా, తడిస్తే రాయిలా బరువెక్కి, చర్మానికి అతుక్కుని, టెంటు తాడుమీద మర్నాటిదాకా ఆరదు. కారులో కూర్చోవడానికి వేసుకోండి. కొండకి వద్దు.

మరి ఏం వేసుకోవాలి? ఒంటికి ఆనుకునే పొర పాలిస్టర్‌దో మెరీనో అనే మెత్తటి గొర్రె ఉన్నిదో కావాలి, బిగుతుగా ఉండాలి. వంద గ్రాముల పాలిస్టర్ దారంలోకి అర గ్రాము నీరు కూడా ఇంకదు. తడి పోగుల మధ్యే ఉంటుంది కాబట్టి త్వరగా ఆరుతుంది. రెండోరోజుకే కంపుకొడుతుంది, అదొక్కటే బాధ. ఉన్ని అలా కాదు. వంద గ్రాములకి 30 గ్రాముల దాకా ఆవిరిని పోగు లోపల దాచుకుని కూడా పైకి తడి అనిపించదు, పీల్చుకుంటున్నప్పుడు కాస్త వేడిని కూడా విడుస్తుంది.

ఇది మనకు కొత్త కాదు. మా చిన్నతనంలో కురుమ కాపరులు నల్ల గొంగడి ఒక మూల మడిచి తలమీద వేసుకుని వానలో మంద వెంట నిలబడేవాళ్ళు. దక్కనీ గొర్రె ఉన్ని అది, గరుకుగా ఉంటుంది. నేతకి ముందు పడుగుకి చింతగింజల గంజి పట్టిస్తారు. సన్నవాన దానిమీద పూసల్లా నిలిచి జారిపోతుంది. సాయంత్రం ఒక్క దులుపు దులిపి అదే పరుచుకుని పడుకునేవాళ్ళు. ఆ పరిజ్ఞానాన్ని గౌరవించడం నేర్చుకోండి. మీరు కొనే ఖరీదైన మెరీనో బనీను దానికి చుట్టమే.

ఆ లోపలి పొరమీద ఫ్లీసు అనే మెత్తటి వెచ్చటి చొక్కా, అన్నిటికన్నా పైన రెయిన్ జాకెట్. ఇక్కడ మళ్ళీ కుండ దగ్గరికి రావాలి. చౌక ప్లాస్టిక్ రెయిన్‌కోటు కుండ కాదు, ఆవకాయ జాడీ. బయటి నీరు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. వానకి తడవకుండా చెమటకి తడుస్తారు. మంచి జాకెట్లో పల్చని పొర ఉంటుంది. దాని సందులు నీటి బొట్టుకి చాలనంత చిన్నవి, ఆవిరికి చాలు. కానీ బయటి గుడ్డమీద ఉన్న నీటిని జార్చే పూత అరిగిపోతే గుడ్డ నానిపోతుంది, ఆవిరికి దారి మూసుకుపోతుంది, లోపల జిగటగా ఉంటుంది. "జాకెట్ కారుతోంది" అంటారు జనం. చాలాసార్లు అది కారడం కాదు. వెళ్ళేముందు జాకెట్‌మీద చెంచాడు నీళ్ళు పోసి చూడండి. పూసల్లా జారితే సరే. గుడ్డ నల్లబడి నానితే జాకెట్‌మీది లేబుల్ చూసి ఉతికి, డ్రయ్యరు పెట్టొచ్చని ఉంటే తక్కువ వేడిమీద ఇరవై నిమిషాలు తిప్పించండి. పూత మళ్ళీ పనిచేస్తుంది. చెయ్యకపోతే కొత్తగా పూత స్ప్రే కొట్టాలి.

ఎంత మంచి బట్టలైనా తొడుక్కునే పద్ధతి తప్పితే లాభం లేదు. అమ్మలందరూ చేసే పొరపాటు, కారు దిగగానే చలిగా ఉందని పిల్లలకి ఉన్నవన్నీ తొడగడం. పది నిమిషాలు ఎక్కేసరికి వీపు చెమటతో తడుస్తుంది. కాస్త చలేస్తుండగానే నడక మొదలుపెట్టండి. చెమట పట్టబోతోందనగానే ఆగి ఫ్లీసు విప్పండి. విశ్రాంతికి ఆగినప్పుడు, చలి వెయ్యకముందే తొడగండి. రోజుకి పదిసార్లు విప్పి తొడగాల్సొస్తుంది. బద్ధకించకండి.

మనిషికి రెండు లోపలి చొక్కాలు, ఒక థర్మల్ ప్యాంటు, మూడు జతల ఉన్ని మేజోళ్ళు చాలు. మూడో జత పడుకోవడానికే. ఎంత ఆశ పుట్టినా దాన్ని పగలు ముట్టుకోవద్దు. ఒక జత పొడి మేజోళ్ళుంటే రాత్రి సగం గెలిచినట్టే.

రాత్రంటే గుర్తొచ్చింది, కుండ కింద ఇసుక. తడి ఇసుక కుండని అడుగునుంచి కూడా చల్లబరుస్తుంది చూడండి, టెంటు కింద నేల అంతే. స్లీపింగ్ బ్యాగు ఎంత మంచిదైనా మీ బరువుకి కిందివైపు నలిగి, అందులో గాలి పోయి పనికిరాకుండా పోతుంది. వెచ్చదనమిచ్చేది అందులో నింపిన ఈకలు కాదు, ఈకల మధ్య చిక్కిన గాలి. ఆ మెత్తటి నూగు ఈకల్నే డౌన్ అంటారు. 800 రకం డౌన్ అంటే 28 గ్రాముల నూగు విచ్చుకుని 13 లీటర్ల చోటు నింపుతుందని. తడిస్తే ఉండలు కట్టి గుప్పెడవుతుంది. నలిగిన కిందివైపు నేల చలి తగలకుండా ప్యాడు ఉండాలి. అది చలిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్-విలువ అనే అంకె దానిమీద ఉంటుంది, మీకు 3కి తగ్గకూడదు. బ్యాగు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి మోయండి. ఇంటికొచ్చాక మాత్రం నొక్కి ఉంచకుండా పెద్ద గుడ్డసంచిలో వదులుగా వెయ్యండి.

పులిహోర, చెగోడీలు, టూత్‌పేస్టు ఏవీ టెంటులో పెట్టకండి, ఎలుగుబంటికి ముక్కు మహా చురుకు. క్యాంపుగ్రౌండులో లోహపు పెట్టె ఉంటుంది, అందులో పెట్టి గడియ సరిగా పడిందో లేదో లాగి చూడండి. ఎత్తు ప్రదేశాల్లో మధ్యాహ్నానికల్లా చెట్లున్న చోటికి దిగిపోండి, పిడుగుల భయం.

పొరల గురించి ఇంకా చాలా రాయొచ్చు. దానికన్నా ఒకటి చూసి రండి. ట్రెయిల్ రిడ్జ్ మీద చెట్లు పూర్తిగా ఆగిపోయిన చోట టార్మిగన్ అనే పక్షి ఉంటుంది, కోడిపెట్టకన్నా చిన్నది. వేసవిలో రాళ్ళ రంగులో మచ్చలుమచ్చలుగా, చలికాలం తెల్లగా మారిపోతుంది. ఒంటికి ఆనుకుని మెత్తటి నూగు, దానిమీద నూనె రాసుకున్న ఈకలు ఒకదానిమీద ఒకటి పెంకుల్లా, వేళ్ళదాకా ఈకల మేజోళ్ళు. దాన్ని చూడాలంటే వెతక్కూడదు. నడకదారి విడిచి పోకుండా, ఒకే చోట కదలకుండా పది నిమిషాలు కూర్చుని రాళ్ళవైపు చూడాలి. అక్కడి గడ్డిమొక్కలు తొక్కితే మళ్ళీ మొలవడానికి ఏళ్ళు పడుతుంది. అలా చూస్తుండగా ఏదో ఒక రాయి మెల్లగా నడుస్తుంది, అదే ఆ పక్షి. అప్పుడు గాలి ఎటునుంచి వీస్తోందో, అది ఎటు తిరిగి కూర్చుందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య