ఒంటరి ఎలక్ట్రాన్ల లెక్క

చిరంజీవులు పిల్లలందరికీ ఆశీస్సులు.

"అమ్మమ్మా, ల్యాబ్‌లో అన్నేళ్లు ఏం చేశావు?" అని మీలో ఒకరు అడిగారు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను. లోహపు పరమాణువు చుట్టూ ఏమేం ఉన్నాయో, అవి ఏ ఆకారంలో అమరాయో తెలుసుకోవడం నా పనిలో ఒక సగం. ఆ పదార్థాన్ని అయస్కాంతం ఎంత లాగుతుందో తూచడం ఇంకో సగం. ఒకటి చెప్పింది రెండోది ఒప్పుకుంటుందా లేదా అని చూడటమే నా ఉద్యోగమంతా.

మొదట ఆకారం సంగతి. ఇంటర్ కెమిస్ట్రీలో వెర్నర్ పేరు వస్తుంది. పరీక్షకు నాలుగు పాయింట్లు బట్టీపట్టి వదిలేస్తారు, నాకు ప్రాణం ఉసూరుమంటుంది. లోహం చుట్టూ మిగతావి ఎలా అమరుతాయో చెప్పే తన సిద్ధాంతాన్ని ఆల్ఫ్రెడ్ వెర్నర్ అనే రసాయన శాస్త్రవేత్త 1893లో ప్రకటించేనాటికి ఆయనకు 26 ఏళ్లు. అప్పటికింకా ఎక్స్ కిరణాలను ఎవరూ కనిపెట్టలేదు. కోబాల్ట్ క్లోరైడ్‌తో అమ్మోనియా కలిసిన ఉప్పులు కొన్ని ఉండేవి. ఒకటి పసుపు, ఒకటి ఊదా, ఒకటి ఆకుపచ్చ. మూడింట్లోనూ ఒక్కో కోబాల్ట్‌కు మూడేసి క్లోరిన్లే. కానీ నీళ్లలో కరిగించి సిల్వర్ నైట్రేట్ పోస్తే పసుపుదానిలో మూడూ తెల్లగా అడుక్కి దిగుతాయి. ఊదాదానిలో రెండే దిగుతాయి, ఆకుపచ్చదానిలో ఒక్కటే. మిగిలిన క్లోరిన్లు కోబాల్ట్‌నే అంటిపెట్టుకుని ఉన్నాయనీ, దాని చుట్టూ ఆరు చోట్లు అష్టముఖి ఆకారంలో, అంటే పైనొకటి, కిందొకటి, చుట్టూ నాలుగుగా ఉన్నాయనీ వెర్నర్ అన్నాడు. కోపెన్‌హేగన్‌లో యోర్గెన్‌సెన్ అనే పెద్దాయన ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. అయితే వెర్నర్ ఆధారపడిన ఉప్పుల్లో చాలావాటిని అంత శ్రద్ధగా తయారుచేసి పెట్టింది ఆ యోర్గెన్‌సెనే. ఆయన్ని ఓడిపోయిన మనిషిగా పుస్తకాలు పక్కన పెట్టేయడం నాకు నచ్చదు. 1913లో వెర్నర్‌కు నోబెల్ వచ్చింది.

ఇక అయస్కాంతం. ఇనుము, నికెల్ ముక్కలు అయస్కాంతానికి టక్కున అంటుకోవడం మీరు చూశారు. నేను చెప్పేది అది కాదు. ఉప్పుల్లో ఉండే లోహాల మీద లాగుడు చాలా బలహీనం, చేతికి తెలియదు. దాన్ని తూచడానికి లూయీ గూయీ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త పేరుతో ఒక త్రాసు ఉంది. నా చేయి తిరిగింది దానిమీదే. పొడుగాటి సన్నని గాజు గొట్టంలో పదార్థాన్ని నింపి త్రాసు నుంచి దారంతో వేలాడదీస్తాం. గొట్టం అడుగు విద్యుదయస్కాంతం రెండు ధ్రువాల మధ్య, పైభాగం దానికి దూరంగా ఉండాలి. కరెంటు వేయకముందు ఒక బరువు, వేశాక ఇంకో బరువు. తేడా మిల్లీగ్రాముల్లో ఉంటుంది.

చెప్పడానికి ఇంతే, చేయడంలో ఉంది కష్టం. పొడిని అగేట్ కల్వంలో మెత్తగా నూరాలి. కొంచెం కొంచెం పోస్తూ గొట్టాన్ని చెక్కబల్ల మీద తట్టి కుదించాలి. ఎక్కడైనా ఖాళీ మిగిలితే లెక్క తప్పుతుంది. ఫ్యాన్ ఆపేయాలి, తలుపు వేసేయాలి, వేలాడే గొట్టం ధ్రువాలకు తగలకూడదు. ముందుగా విలువ తెలిసిన ఒక నీలం పొడితో త్రాసును సరిచూసుకోవాలి. అది పాదరసం, కోబాల్ట్ కలిసిన థయోసైనేట్.

ఆ మిల్లీగ్రాముల తేడా నుంచి ఒక్కో లోహ అయాన్‌లో జత దొరకని ఎలక్ట్రాన్లు ఎన్నున్నాయో తెలుస్తుంది. ఎలక్ట్రాన్లు జతగా ఉంటే ఒకదాని అయస్కాంతత్వాన్ని ఇంకొకటి రద్దు చేస్తుంది. ఒంటరిగా ఉన్నవే లెక్కకొస్తాయి. ఒంటరి ఎలక్ట్రాన్ల సంఖ్యను, దానికి రెండు కలిపితే వచ్చే సంఖ్యతో గుణించి వర్గమూలం తీయండి. ఒకటైతే 1.73, రెండైతే 2.83, అయిదైతే 5.92. వీటి కొలమానం బోర్ మాగ్నెటాన్. ఇది సుమారు లెక్కే, నిజం విలువలు కాస్త అటూ ఇటూ ఉంటాయి.

నికెల్‌నే తీసుకోండి. నీళ్లలో కరిగిన నికెల్ ఉప్పు ఆకుపచ్చగా ఉంటుంది. నికెల్ చుట్టూ ఆరు నీటి అణువులు, లోపల రెండు ఒంటరి ఎలక్ట్రాన్లు. దానికి కాస్త అమ్మోనియా, డైమిథైల్‌గ్లయాక్సైమ్ అనే కర్బన పదార్థం చేరిస్తే గులాబీ ఎరుపు అవక్షేపం, అంటే కరగని పొడి, అడుక్కి పడుతుంది. ఈ ఎర్ర పొడిని గూయీ త్రాసులో పెడితే లాగుడు లేకపోగా, కొద్దిగా పైకి నెట్టినట్టు బరువు తగ్గుతుంది. ఇప్పుడు నికెల్ చుట్టూ నాలుగే నైట్రోజన్లు ఒకే తలంలో చతురస్రంగా ఉన్నాయి, ఒంటరి ఎలక్ట్రాన్లు జతకట్టేశాయి. ఆకారం మారేసరికి రంగూ మారింది, అయస్కాంతత్వమూ పోయింది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ కాపర్ ఎసిటేట్‌ది. రాగికీ వెనిగర్‌లోని ఆమ్లానికీ పుట్టిన నీలాకుపచ్చ ఉప్పు. రాగి అయాన్‌లో ఒక్కటే ఒంటరి ఎలక్ట్రాన్, కాబట్టి 1.73 గానీ అంతకు కాస్త ఎక్కువ గానీ రావాలి. మిగతా రాగి ఉప్పులు చాలావరకు అలాగే వస్తాయి. ఇది మాత్రం మామూలు గది వేడిమిలో సుమారు 1.4 దగ్గరే ఆగిపోతుంది. ఒక్కటి కంటే తక్కువ ఎలక్ట్రాన్ ఎలా ఉంటుంది? ఇంకా వింత ఉంది. మామూలుగా ఇలాంటి ఉప్పును చల్లబరిస్తే లాగుడు పెరుగుతుంది. కాపర్ ఎసిటేట్‌ను సున్నాకు దిగువన ఇంకా చల్లబరుస్తూ పోతే లాగుడు తగ్గుతూ తగ్గుతూ దాదాపు మాయమవుతుంది. 1951లో బి.సి. గుహ ఇలా చల్లబరిచి తీసిన కొలతలు ప్రచురించారు.

మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో బ్లీనీ, బవర్స్ అనే శాస్త్రవేత్తలు ఈ స్ఫటికాన్ని అయస్కాంతంలో పెట్టి, మైక్రోవేవ్ తరంగాలను అది ఎలా పీల్చుకుంటుందో చూశారు. ఒక్క ఎలక్ట్రాన్ ఉన్న రాగిలా కాకుండా రెండు ఎలక్ట్రాన్లు కలిసి ఉన్నట్టు కనిపించింది. దానితో వాళ్లు, రాగి అయాన్లు ఇందులో విడివిడిగా లేవు, రెండేసి జంటగా ఉన్నాయి అన్నారు. జంటలోని రెండు ఎలక్ట్రాన్లూ ఎదురెదురు దిక్కులు తిరిగి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గది వేడిమికి కొన్ని జంటలు ఒకే దిక్కుకు తిరుగుతాయి, అందుకే ఆ 1.4. చల్లబడితే అవి కూడా ఎదురెదురుకు వచ్చేస్తాయి.

ఆ స్ఫటికం లోపల రాగి జంటగా ఉందని అప్పటికి ఎవరూ కళ్లారా చూడలేదు. 1953లో వాన్ నీకెర్క్, షోనింగ్ ఎక్స్ కిరణాలతో దాని నిర్మాణం తేల్చారు. పెళ్లి మండపానికి నాలుగు స్తంభాలు ఉన్నట్టు రెండు రాగి అయాన్ల మధ్య నాలుగు ఎసిటేట్లు నిలబడి ఉన్నాయి. పైనొకటి, కిందొకటి నీటి అణువు. రాగికీ రాగికీ మధ్య దూరం 2.64 ఆంగ్‌స్ట్రాములు. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు. అయస్కాంతం ముందే చెప్పిన జంటను ఎక్స్ కిరణాలు నిజమని చూపించాయి. ఇది మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత నేనూ రాగి జంటలతోనే ఎక్కువ పని చేశాను. కొన్ని జంటల్లో రెండు రాగులనూ ఆక్సిజన్ పరమాణువు వంతెనలా కలుపుతుంది; ఆ వంతెన దగ్గర కోణం కాస్త మారితే చాలు, ఎదురెదురుగా ఉన్న ఎలక్ట్రాన్లు ఒకే దిక్కుకు రావచ్చు. ఆ కోణాల వెంట పడటంలో పడ్డ టెన్షనూ, పొందిన ఆనందమూ నాకు ఇంకెందులోనూ లేవు.

ఈ పనిలో అసలు విద్య స్ఫటికం పెంచడం. అవి తొందరపెడితే రావు. ద్రావణాన్ని చిన్న బీకరులో పోసి, పైన చిల్లులు పెట్టిన కాగితం కట్టి, ఎవరూ కదపని మూల పెట్టాలి. ఇప్పుడు యంత్రాలు ఒక్క రోజులోనే నిర్మాణం తేల్చేస్తున్నాయి గానీ మంచి స్ఫటికం లేకపోతే అవి మాత్రం ఏం చేస్తాయి?

ఆకారం, అయస్కాంతం అనే ఈ రెండు సాక్ష్యాల దారి ఇప్పుడు చాలా దూరం వెళ్లింది. 12 మాంగనీస్ అయాన్లున్న ఒక సమ్మేళనాన్ని 1980లో లిస్ అనే పోలండ్ శాస్త్రవేత్త తయారుచేసి నిర్మాణం ప్రచురించాడు. దానిలో ఒక్కొక్క అణువే అయస్కాంతంలా తన దిక్కును నిలుపుకోగలదని 1993లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు చెందిన సెస్సోలీ, గాట్టెస్కీ బృందం చూపించింది. కాకపోతే అది ద్రవ హీలియం చలిలోనే, అంటే 4 కెల్విన్‌ల (సున్నాకు దిగువన సుమారు 269 డిగ్రీల సెల్సియస్) చుట్టుపక్కల. 2018లో డిస్‌ప్రోసియం సమ్మేళనం ఒకటి 80 కెల్విన్‌ల దాకా నిలిచింది. ద్రవ నైట్రోజన్ 77 దగ్గర మరుగుతుంది కాబట్టి అది పెద్ద మెట్టే. గది వేడిమి అంటే 300. ఆ మధ్య దూరం ఇంకా మిగిలే ఉంది, మీ తరం వాళ్లు దానిమీద పని చేస్తే నాకు చాలా సంతోషం.

నికెల్ ఎర్ర పొడి ప్రయోగం కాలేజీ ల్యాబ్‌లో చేయిస్తారు. మాస్టారు పక్కనుండగా, చేతులకు గ్లౌజులు వేసుకునే చేయండి, నికెల్ ఉప్పులు మంచివి కావు. రంగు మారినప్పుడు నాలుగు నైట్రోజన్లు ఎలా కూర్చున్నాయో నోట్‌బుక్‌లో బొమ్మ గీసి నాకు పంపండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ