చూరు గీతను గోడ గీత అనుకోకండి

డ్రోన్ ఫోటోలతో ఊరి త్రీడీ మోడల్ కట్టి, అందులోంచి ఇళ్ల చుట్టుగీతలు తీయడం నా వృత్తి. శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా నాకు ఎదురయ్యే తగాదాలు దాదాపు అన్నీ ఒక్క అపోహ నుంచే పుడుతున్నాయి. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: మ్యాపులో ఇంటి చుట్టూ ఉన్న గీత మా గోడ, అదే మా హద్దు.

వాస్తవం: చాలాసార్లు అది మీ చూరు మాత్రమే. నిట్టనిలువుగా కిందికి చూసే కెమెరాకు పెంకులు కనిపిస్తాయి, గోడలు కనిపించవు. ఆ ఫోటోలతో తయారైన పాయింట్ క్లౌడ్‌లో, అంటే త్రీడీ చుక్కల గుంపులో, చూరు కింద చుక్కలే ఉండవు. ఉపరితల ఎత్తుల్లోంచి నేల ఎత్తులు తీసేసి, ఏ రెండు మీటర్లకో పైన మిగిలినదాని అంచు పట్టుకుని సాఫ్ట్‌వేర్ గీత గీస్తుంది. ఆ అంచు వాన నీళ్లు జారిపడే చోటు. గోడ దానికి లోపల ఎక్కడో ఉంటుంది.

ఎంత తేడా అంటారా? గోడల మీద 20 అడుగులకు 30 అడుగుల ఇల్లు 600 చదరపు అడుగులు. నాలుగు వైపులా రెండడుగుల చూరు ఉంటే మ్యాపులో అదే ఇల్లు 24కు 34, అంటే 816. లేని 216 చదరపు అడుగులు, అంటే 24 చదరపు గజాలు, కాగితం మీద పుట్టుకొచ్చాయి. తిత్లీ తుఫాను తర్వాత అరుగు మీదికి రేకులు పొడిగించుకున్న ఇళ్లలో ఇది ఇంకా ఎక్కువ.

సోంపేట వైపు ఒక పెద్దాయన ముసాయిదా మ్యాపును నాలుగు మడతలు పెట్టి తెచ్చారు. "మా ఇంటికీ మా తమ్ముడి ఇంటికీ మధ్య సందు ఏది బాబూ? మ్యాపులో లేదు. ఇక మార్చరట కదా!" అని అడిగారు. ఎదురెదురు చూరులు దాదాపు తాకుతున్నాయి, మోడల్లో రెండు కప్పులూ కలిసిపోయాయి. టేపు పెట్టి కొలిస్తే గోడకూ గోడకూ మధ్య మూడడుగులు నిక్షేపంగా ఉంది. ఈలోగా కోర్టే దిక్కని చెప్పి, అర్జీ రాసినందుకు ఆయన దగ్గర డబ్బు గుంజాడు ఊళ్లోని ఒక తెలివైనవాడు. ఇలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముసాయిదా వేసేదే అభ్యంతరాలు చెప్పుకోవడానికి. ఊళ్లలోని ఇళ్ల స్థలాలను డ్రోన్‌తో కొలిచి యజమానులకు హక్కు పత్రాలిచ్చేందుకు 2020 ఏప్రిల్ 24న మొదలైన కేంద్ర పథకం స్వామిత్వలో డ్రోన్ ఎగరకముందే హద్దుల వెంట సున్నం వేయించేది కూడా ఇందుకే. హద్దు తేలేది ఆ సున్నపు గీతతో, ఇరుగుపొరుగు ఒప్పుకోలుతో. కప్పు అంచుతో కాదు. సున్నం వేసే రోజు ఇంట్లో ఎవరూ లేకుండా పొలానికి వెళ్లిపోతేనే చిక్కు.

మన వీధుల్లో వరసగా అతుక్కుని ఉన్న పెంకుటిళ్లది మరో తలనొప్పి. ఆరేడు ఇళ్లకు ఒకటే కొప్పు, మధ్యలో ఉమ్మడి గోడలు. పైనుంచి చూసే మోడల్‌కు అది ఒకటే పొడవాటి ఇల్లు. అంతమాత్రాన మీ వాటా పక్కవాళ్లలో కలిసిపోయిందని నిద్ర మానుకోనక్కర్లేదు. ఆ గోడలను ఇంటింటికీ తిరిగి కొలిచి విడదీయాల్సిందే, మరో దారి లేదు.

మరి గోడ గీత రాదా? వస్తుంది. కెమెరాను ఏటవాలుగా వంచి తీసిన ఫోటోలు ఉంటే, మోడల్‌ను ఛాతీ ఎత్తున అడ్డంగా కోసి గోడ ఆనవాలు పట్టుకోవచ్చు. భవనాల త్రీడీ ప్రమాణమైన సిటీజీఎంఎల్‌లో నేల గీతను, కప్పు గీతను విడివిడిగా నమోదు చేసే ఏర్పాటు ఉంది. మీకిచ్చిన కాగితంలో ఉన్నది ఏ గీతో అడిగి, దాని మీదే రాయించుకోండి.

మిగతావి గబగబా. బటన్ నొక్కితే అన్ని ఇళ్లూ వచ్చేస్తాయన్నది అపోహ: ఉద్దానంలో కొబ్బరి మట్టలు కప్పుకు అతుక్కుంటాయి, గడ్డివాములు ఇళ్లయి కూర్చుంటాయి. లేజర్ కిరణాలతో కొలిచే లైడార్ పెడితే చెట్ల బెడద తగ్గుతుంది కానీ చూరు చూరే. చుక్కలు ఎక్కువైతే కచ్చితత్వం పెరుగుతుందనీ అంటారు. నేల మీది కంట్రోల్ పాయింట్లు, అంటే మోడల్‌ను సరైన చోట నిలిపేందుకు కొలిచి పెట్టుకున్న గుర్తులు, తప్పితే కోట్ల చుక్కలూ కలిసికట్టుగా తప్పుతాయి. మూలలన్నీ నిక్కచ్చి లంబకోణాల్లో ఉన్న మ్యాపును చూసి మురిసిపోవద్దు, పాత ఇంటి వంకరను సాఫ్ట్‌వేరే సరిదిద్ది ఉంటుంది. ఇక డ్రోన్ ఇంట్లోని బంగారాన్ని కూడా చూసేస్తుందట! పెరట్లో ఆరబోసిన జీడిపిక్కలైతే కనిపిస్తాయి.