జవహర్‌నగర్ కుప్ప: చిక్కు 2012లోనే పడింది

హైదరాబాద్ చెత్త పోసే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు కంపు మీద మళ్లీ వాదన లేచింది. సుమారు 1.2 కోట్ల టన్నుల పాత చెత్తను కప్పేశాక మళ్లీ కదిలించడమెందుకని ఒక పక్షం అంటుంది. తవ్వి, జల్లెడ పట్టి, నేల ఖాళీ చేయాలని ఇంకో పక్షం. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు ముందు బయోమైనింగ్, అంటే పాత చెత్తను తవ్వి వేరుచేసే పని, చూడమన్నాయి, అది కుదరనప్పుడే కప్పమన్నాయి. తవ్వమనేవాళ్లకు ఆసరా అదే.

కప్పినవాళ్ల మాట అర్థం కావాలంటే ముంబయి గొరాయి దాకా వెళ్లాలి. 1972 నుంచి చెత్త పోసిన ఆ 19.6 హెక్టార్ల కుప్పను 2009 నాటికి కప్పి, చెత్త కుళ్లి పుట్టే మీథేన్ గ్యాస్‌ను లాగే గొట్టాలు (గ్యాస్ బావులు) దించి, దాన్ని కాల్చేసే మంట గొట్టం (ఫ్లేర్) పెట్టారు. అందుకు ఊతం క్యోటో వాతావరణ ఒప్పందం కింద అమ్ముకునే కార్బన్ క్రెడిట్లు, అంటే గాల్లోకి పోకుండా ఆపిన వాయువుకు టన్నుల లెక్కన వచ్చే పత్రాలు. భూమిని వేడెక్కించడంలో అప్పటి లెక్కలో టన్ను మీథేన్ 21 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. క్రెడిట్ కావాలంటే గ్యాస్ ఎంత వస్తోంది, అందులో మీథేన్ ఎంత, మంట వేడి ఎంత అన్నది ఎప్పటికప్పుడు నమోదు కావాలి. మూసి ఉండే ఫ్లేర్‌లో గంటలో 20 నిమిషాలకు మించి వేడి 500 డిగ్రీల కింద ఉంటే, ప్రామాణిక లెక్క ప్రకారం ఆ గంటకు వచ్చేది సున్నా.

2008లో 20 యూరోలు దాటిన క్రెడిట్ ధర 2012 చివరికి ఒక్క యూరో కిందికి పడిపోయింది. ఫ్లేర్ ఎక్కడికీ పోలేదు, మీటరు చూస్తే వచ్చే డబ్బే పోయింది. అసలు మలుపు అది.

ఎందుకంటే గ్యాస్ బావి పెట్టి వదిలేసే వస్తువు కాదు. గ్యాస్‌ను లాగే ఫ్యాను (బ్లోయర్) ఎక్కువ లాగితే కప్పు పగుళ్లలోంచి గాలి దూరుతుంది, మీథేన్ శాతం పడిపోతుంది, ఆక్సిజన్ పెరుగుతుంది, లోపల చెత్త అంటుకోవచ్చు. బావి తల దగ్గర 55 డిగ్రీలు దాటితే వాల్వు తిప్పి లాగుడు తగ్గించాలి. తక్కువ లాగితే గ్యాస్ పక్కలనుంచి బయటపడుతుంది, ఊరికి కొట్టే కంపు దానితోనే వస్తుంది. చెత్త కుంగేకొద్దీ పైన పరిచిన గొట్టం కూడా కుంగుతుంది. ఆ వంపులో గ్యాస్‌లోని తేమ నీరై నిలిచి, దాని వెనకున్న బావులన్నిటికీ లాగుడు అందదు. వానాకాలంలో లీచెట్, అంటే చెత్తలోంచి ఊరే మురికినీరు, పైకొచ్చి బావి గొట్టం చిల్లులను ముంచేస్తుంది. పంపు పెట్టి తోడితే తప్ప గ్యాస్ రాదు. ఈ పనికి మనిషి కావాలి, అతనికి ప్రతినెలా జీతం కావాలి.

తవ్వేవాళ్లు ఒకటి చెప్పరు: కప్పు తెరిచిన రోజు ఉన్న మీథేన్ కాలకుండానే గాల్లోకి పోతుంది. కప్పినవాళ్లూ ఒకటి దాటేస్తారు. మన చెత్తలో తిండి వ్యర్థాలే ఎక్కువ, కొన్నేళ్లలోనే కుళ్లిపోతాయి. చలి దేశాల లెక్కలతో వేసిన అంచనాలకు ఇక్కడి గ్యాస్ తరచూ అందకపోవడానికి అదొక కారణం. కాల్చాల్సింది తొలి ఏళ్లలోనే. మీథేన్ పాతిక శాతం కిందికి జారాక మామూలు ఫ్లేర్ తనంతట తాను నిలబడి మండడం కష్టం, మంట ఆరకుండా బయటి గ్యాస్ కొని కలపాలి.