చంద్రమతి వేషం వేసే అమ్మాయికి, మిగతా పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

బడి వార్షికోత్సవానికి హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీను వేస్తున్నారని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. చంద్రమతి వేసే అమ్మాయికి ఏడుపు రావడం లేదని రాశారు. స్టేజీ మీద నేను నిజంగానే ఏడ్చేదాన్నా అని కూడా అడిగారు. ఏడ్చేదాన్ని కాదు. ఏడిస్తే పద్యం పాడలేం.

నిజంగా దుఃఖం ముంచుకొస్తే గొంతు పూడుకుపోతుంది, ఊపిరి అందదు, శ్రుతి జారిపోతుంది. పాము కరిచిన లోహితుణ్ణి ఒళ్లో పెట్టుకుని పద్యం ఎత్తుకోవాలంటే గుండె నిండా ఊపిరి ఉండాలి. ఆ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియడమే సగం విద్య. వృత్తపద్యంలో మాట పాదం చివర ఆగదు, తర్వాతి పాదంలోకి సాగిపోతుంది. పాదం చివర ఆగారా, అర్థం రెండు ముక్కలవుతుంది. అందుకే ముందు పద్యాన్ని వచనంలా చదవండి. ఎవరు ఎవరితో ఏమంటున్నారో తేలాక ముఖారి రాగంలో పాడండి. నెల్లూరు పురమందిరంలోనైనా, పొలాల పక్కన వేసిన పందిట్లోనైనా, వెనుక కూర్చున్న మనిషికి మాట అందాలి. ఆలాపన ఎంత పొడవుగా తీసినా మాట అందకపోతే ఆ మనిషి ఏడవడు.

రంగస్థల నటుడు బళ్లారి రాఘవ (1880–1946) పాటకన్నా పాత్ర మనసుకే పెద్దపీట వేశారు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలన్నారు. ఆ వాదన నిలవకపోతే నాలాంటివాళ్లకు స్టేజీ దక్కేది కాదు. అయినా, మీలో ఏ అబ్బాయైనా చంద్రమతి వేస్తానంటే నవ్వకండి. బాపట్ల వారైన స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలతోనే ఆంధ్రదేశాన్ని కట్టిపడేశారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇంటి సంగతీ అడిగారు. కందుకూరు, సింగరాయకొండ వైపు ఊళ్లలో నన్ను ‘చంద్రమతమ్మ’ అనే పిలిచేవారు. ఆ పిలుపు నాకు ఇష్టం. అలా పిలిచిన నోళ్లే నాటకాలావిడకు ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడేవి. అది బాధే, ఇప్పటికీ బాధే. అంతకన్నా కష్టం మా అబ్బాయితో వచ్చింది. చిన్నప్పుడు వాడు నాటకం చూసి, నా ఒళ్లో చచ్చిపోయినట్టు పడుకున్న పిల్లవాడు ఎవరని రాత్రంతా అడిగాడు. మర్నాడు వాణ్ణి మేకప్ గదిలో కూర్చోబెట్టాను. నేను రంగు వేసుకోవడం, లోహితుడి వేషం వేసే పిల్లవాడు వేరుశెనగలు తింటూ ఆడుకోవడం చూశాక వాడికి భయం తీరింది.

‘నీ బిడ్డే పోయాడనుకో, ఏడుపు అదే వస్తుంది’ అని చాలామంది పెద్దలు నాకు సలహా ఇచ్చారు. నేను ఒక్కనాడూ అలా అనుకోలేదు. అమ్మా, నువ్వూ అనుకోవద్దు. రాజ్యం పోయి, కాలకౌశికుడి ఇంట్లో దాసిగా బతుకుతూ, కొడుకు దహనానికి కాటిసుంకం కూడా లేని తల్లి ఎదురుగా ఉంది. ఆమె స్థితిని ఒక్కో మాటలో చూడు, చాలు. నీ ఇంట్లోవాళ్లను కాటికి తీసుకురానక్కరలేదు.

హరిశ్చంద్రుడు వేసే అబ్బాయీ, శ్మశానం మీద నువ్వు పాడే పద్యాలు ఈ నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారివి కావు, గుర్రం జాషువావి. తెర లేవకముందు ఇద్దరి పేర్లూ మైకులో చెప్పించు.

ఆదివారం ఒంగోలు రండి. హార్మోనియం నా దగ్గర ఉంది. పద్యాలు మాత్రం కంఠతా పట్టి రండి, కాగితం చూసి పాడితే నేను వినను.

మీ అమ్మమ్మ