స్కీకి సరే, రైఫిల్‌కు కాదు: పారా బయాథ్లాన్ తగువు వెనుక

2026 మిలానో కోర్టినా పారాలింపిక్స్‌కు రష్యాకు 6, బెలారస్‌కు 4 బెర్తులు ఇచ్చారు. సొంత జెండాతో, సొంత గీతంతో. ఉక్రెయిన్ భగ్గుమంది. అయితే ఆ పదింటిలో బయాథ్లాన్ (మంచుపై స్కీ చేస్తూ మధ్య మధ్య ఆగి రైఫిల్‌తో గురి కొట్టే పోటీ) బెర్తు ఒక్కటి కూడా లేదు. కూర్చుని స్కీ చేసేవారిలో చాలామంది క్రాస్ కంట్రీ (దూరపు స్కీ పందెం), బయాథ్లాన్ రెండింటిలోనూ దిగుతారు. మంచు అదే, బండీ అదే. అయినా ఒక పోటీకి రమ్మన్నారు, రెండో దానికి వద్దన్నారు.

యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో మొదలైన ఆటలే పారాలింపిక్స్ అయ్యాయన్న సంగతి అందరూ ఎరిగిందే. ఇప్పటి తగువుకు అంత వెనక్కి వెళ్లనక్కర్లేదు. డాన్ నాసెన్ కెరీర్‌ను అనుసరిస్తే చాలు.

కాన్సస్ రాష్ట్రానికి చెందిన నాసెన్ అమెరికా నౌకాదళంలోని సీల్ అనే ప్రత్యేక దళంలో అధికారి. 2009 సెప్టెంబరులో అఫ్గానిస్థాన్‌లో మందుపాతర మీద కాలు వేశాడు. రెండు కాళ్లూ మోకాళ్ల పైవరకు పోయాయి. అయిదేళ్లు తిరగకుండానే సోచీ పారాలింపిక్స్‌లో స్కీ చేశాడు. అక్కడ పతకం రాలేదు. సోచీ పతకాల పట్టిక రష్యాది. ఆ పతకాల వెనుక ఉన్న డోపింగ్ భాగోతం 2016లో బయటపడింది.

2018 ప్యాంగ్‌చాంగ్‌లో నాసెన్ ఆరు పోటీల్లో దిగి ఆరు పతకాలు తెచ్చుకున్నాడు. వాటిలో బంగారం బయాథ్లాన్ 7.5 కిలోమీటర్లది. ఈ పోటీని కాస్త దగ్గరగా చూడాలి. సిట్‌స్కీకి, అంటే కూర్చునే స్కీ బండీకి, పట్టీలతో బిగించిన శరీరాన్ని చేతి కర్రలతో మాత్రమే నెట్టుకుంటూ వస్తారు. రైఫిల్ వీపున ఉండదు, షూటింగ్ రేంజ్ దగ్గరే ఉంటుంది. చాప మీదికి బండీతో సహా ఒరిగి పడుకుని, పది మీటర్ల దూరంలోని చిన్న వృత్తాలపై అయిదు గుళ్లు పేల్చాలి. ఎగసిపడే గుండె చప్పుడు తుపాకీ గొట్టం చివర కనబడుతూ ఉంటుంది. గురి తప్పినందుకు శిక్షగా అదనపు దూరం. నడుము పట్టు లేనివారికి సమయంలో కొంత మినహాయింపు ఉంటుంది. నాసెన్ తరగతికి అదీ లేదు, గడియారం చూపిన ప్రతి సెకనూ లెక్కే. ఆ రోజు పోడియంపై అతని పక్కన రజతంతో నిలబడింది బెలారస్ ఆటగాడు జ్మిత్రీ లోబన్. ఎవరికీ అభ్యంతరం లేదు. రష్యన్లు కూడా సొంత జెండా లేకుండా, తటస్థుల పేరుతో అక్కడే ఆడుతున్నారు.

ఇదంతా తిరగబడింది 2022 మార్చి 2, 3 తేదీల్లో, బీజింగ్‌లో. నా లెక్కలో ఈ వివాదానికి వేరు ఆ రెండు రోజులే.

యుద్ధం మొదలై వారమైంది. ఉక్రెయిన్ జట్టు బాంబుల నడుమ రోడ్డున పడి నాలుగు రోజులు ప్రయాణించి చేరింది. జట్టు రాగలగడమే అద్భుతమని వారి కమిటీ అధ్యక్షుడు వాలెరీ సుష్కెవిచ్ అన్నారు. అలాంటి సమయంలో అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ మార్చి 2న రష్యా, బెలారస్ ఆటగాళ్లను తటస్థులుగా ఆడనిస్తామంది. ఇరవై నాలుగు గంటలు గడవకముందే మాట మార్చి పంపించేసింది. కమిటీ చెప్పిన కారణం దురాక్రమణ కాదు. చాలా దేశాలు ఆడబోమంటున్నాయి, క్రీడాగ్రామంలో పరిస్థితి అదుపు తప్పుతోంది అంది. అంటే నిషేధం నియమం మీద కాక, మిగతావారి ఒత్తిడి మీద నిలబడింది. ఒత్తిడి తగ్గితే అదీ తగ్గుతుంది.

ఆ ఆటల్లో ఉక్రెయిన్ 11 స్వర్ణాలతో రెండో స్థానంలో నిలిచింది. బయాథ్లాన్‌లో పతకాల పంట పండించింది. నాసెన్‌కు మరో స్వర్ణం మిక్స్‌డ్ రిలేలో వచ్చింది. ఆ జట్టులో ఆక్సానా మాస్టర్స్ ఉంది. ఆమె పుట్టింది ఉక్రెయిన్‌లో, చెర్నోబిల్ తర్వాత, అవయవ లోపాలతో.

అనుకున్నట్టే 2023లో బహ్రెయిన్‌లో జరిగిన కమిటీ సమావేశంలో పూర్తి నిషేధం కాస్తా పాక్షికమైంది, వడపోత దాటినవారు తటస్థులుగా ఆడవచ్చన్నారు. 2025 సెప్టెంబరులో సియోల్‌లో అదీ పోయింది, 77కు వ్యతిరేకంగా 91 ఓట్లతో. సైన్యంతో ఒప్పందంలో ఉన్నవారినీ, యుద్ధాన్ని బలపరచినవారినీ ఆపే తటస్థుల జల్లెడ కూడా దానితోపాటే పోయింది. ప్రభుత్వం చేసిన పనికి ఆటగాడిని శిక్షించరాదన్నది రష్యా వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది, ఎదుటివారి ఊళ్ల మీద క్షిపణులు పడనంత వరకు.

అంతర్జాతీయ స్కీ సమాఖ్య అడ్డుకోబోతే, గంపగుత్త నిషేధం చెల్లదని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం డిసెంబరులో తేల్చింది. బయాథ్లాన్ దారి వేరు. 2022 నుంచి పారా బయాథ్లాన్ నిర్వహణ అంతర్జాతీయ బయాథ్లాన్ యూనియన్ చేతిలో ఉంది. రష్యా, బెలారస్ సమాఖ్యలను సస్పెండ్ చేసిన ఆ సంస్థ, సియోల్ ఓటు తర్వాత కూడా కదల్లేదు. పది బెర్తుల్లో రైఫిల్ లేకపోవడానికి కారణం ఇదొక్కటే.

సైనికుడైనందుకు ఎవరినీ పారాలింపిక్స్ నుంచి ఆపరు. ఆపితే నాసెన్ కూడా ఉండేవాడు కాదు. ఉక్రెయిన్ యుద్ధంలో కాళ్లు పోయిన రష్యన్ సైనికుడు రేపు సిట్‌స్కీ ఎక్కి వస్తే, స్కీకి అడ్డు చెప్పడానికి పారాలింపిక్ కమిటీ దగ్గర ఇప్పుడు ఏ నియమమూ మిగల్లేదు.