గడ్డి చేపకి పొట్టే లేదు

బుజ్జీ, చిన్నూ,

ఆవు గడ్డి తిని పాలిస్తుంది, మరి గడ్డి చేప అంత గడ్డి తిని ఏం చేసుకుంటుంది తాతయ్యా అని అడిగారు కదా. ఫోన్లో చెబితే మధ్యలో పారిపోతారు, అందుకే రాస్తున్నా.

గడ్డి చేప, అంటే గ్రాస్ కార్ప్, మన దేశపు చేప కాదు. దాని సొంత ఊరు చైనా నదులు, పైన రష్యా సరిహద్దులోని అమూర్ నది దాకా. 1959లో మన దేశానికి తెచ్చి కటక్‌లో పెంచారు. ఇప్పుడు మన చెరువుల్లో కూడా బొచ్చె, శీలావతిలతో పాటు కొన్నిటిని వదులుతుంటారు.

దాని నోట్లో వెతికితే ఒక్క పన్ను కూడా కనపడదు, ఎందుకంటే పళ్ళు గొంతులో ఉంటాయి! రంపంలా గరుకుగా ఉండే ఆ పళ్ళకీ, పైన పుర్రె అడుగున ఉండే గట్టి పలకకీ మధ్య ఆకుని చీల్చి నలుపుతుంది. దాని బతుకంతా ఈ నలపడం మీదే ఉంది. ఆకులో ప్రతి కణం చుట్టూ సెల్యులోజ్ అనే గట్టి పదార్థంతో కట్టిన గోడ ఉంటుంది, దాన్ని కరిగించడం చేపకి సొంతంగా చేతకాదు, కాబట్టి పళ్ళ కింద పడి పగిలిన కణాల్లోని సారమే దానికి దక్కుతుంది, పగలనివి వచ్చిన దారినే పోతాయి.

మరి ఆవుకి ఎలా అరుగుతుందంటారా? దాని పొట్టకి నాలుగు గదులు, లోపల కోట్ల సూక్ష్మజీవులు గడ్డిని తాపీగా పులియబెడతాయి, పైగా నెమరు. గడ్డి చేపకి అసలు పొట్టే లేదు. నవ్వకండి, నిజమే, కార్ప్ జాతి చేపలకి ఆమ్లం ఊరే సంచి ఉండదు, గొంతు దాటితే నేరుగా పేగే. శాకాహార చేపలకి పేగు చాలా పొడుగు అని మీ పుస్తకంలో ఉంటుంది, శీలావతికి నిజంగానే ఒంటికి చాలా రెట్లు పొడుగు, కానీ గడ్డి చేపకి రెండు మూడు రెట్లే. అందులో బ్యాక్టీరియా ఉన్నా, తిండి కొన్ని గంటల్లోనే దాటిపోతుంటే పులియడానికి టైమేదీ?

అందుకే తక్కువ అరిగినా ఎక్కువ తినే పద్ధతి పట్టింది. నీళ్ళు వెచ్చగా ఉంటే చిన్న చేప రోజుకి తన బరువంత గడ్డి లాగించేస్తుంది, అందులో సగం దాకా అరక్కుండానే బయటికొస్తుంది. ఆ పెంటే చెరువుకి ఎరువు. దానితో నీళ్ళలో ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే చిన్న చిన్న జీవులు, పెరిగితే బొచ్చె తింటుంది, అడుగున పడింది మృగాల అనే చేప ఏరుకుంటుంది. చైనా రైతులు ఎప్పటినుంచో ఇదే లెక్కతో చేపలు కలిపి పెంచుతున్నారు, నాకైతే ఆవుకన్నా ఇదే తెలివిగా కనిపిస్తుంది. గుర్రపుడెక్క మాత్రం పెద్దగా ముట్టుకోదు, దాన్ని మనమే పీక్కోవాలి.

ఇంకో సంగతి, గుడ్డులోంచి వచ్చిన పిల్లలు గడ్డి తినవు, నీళ్ళలోని చిన్న చిన్న పురుగులే తింటాయి. కొన్ని సెంటీమీటర్లు పెరిగి గొంతు పళ్ళు గట్టిపడ్డాకే ఆకుల జోలికి పోతాయి.

నాచు తినే తిలాపియా అనే చేప దారే వేరు, దానికి పొట్ట ఉంది, అందులో ఊరే ఆమ్లం నాచు కణాల గోడల్నే చెడగొడుతుంది.

ఈసారి శీలావతి కోయించేటప్పుడు తలని పారేయొద్దని చెప్పి, మొప్పల వెనక గొంతులో వేలితో తడిమి చూడండి, దానికీ పళ్ళుంటాయి. అమ్మ తిడితే నా పేరు చెప్పండి.

మీ తాతయ్య